మన సంత కథ: ఉప్పు కుంచం నుంచి సేంద్రియ స్టాలు దాకా

పోస్టు పెద్దదే. ఊరెళ్ళే బస్సులో గోకవరం దాటాక ఎలాగూ సిగ్నల్ సరిగా ఉండదు, ముందే తెరిచి పెట్టుకుంటే రంపచోడవరం వచ్చేలోపు అయిపోతుంది.

మేం రాజమండ్రి హాస్టల్లో ఒకే రూములో ముగ్గురం. ఇద్దరం మారేడుమిల్లి వైపు కొండరెడ్లం, ఒకడు చింతూరు వైపు కోయ. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇక్కడ ఊరి చివర ఆదివారం పొద్దున్నే సేంద్రియ సంత ఒకటి పెడుతున్నారని క్లాసులో విని, కొనే డబ్బుల్లేకపోయినా చూసొద్దామని వెళ్ళాం. చోడులు కిలో తొంభై రూపాయలు. మా ఊరి సంతలో అమ్మ అమ్మింది ముప్పై అయిదుకి. పసుపు మూడొందల ఇరవై. మాకు వచ్చింది నూట పది. గింజ తీసిన చింతపండు, కుంకుడు కాయలు, అడ్డాకు విస్తళ్ళు, కొండ చీపుర్లు, అన్నీ మనవే. ఒక తేనె సీసా మీద తలకి ఈక పెట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉంది. మా ఊర్లో ఏ అమ్మాయీ అలా ఈక పెట్టుకోగా మేం చూడలేదు, కానీ తేనె రుచి మాత్రం మనదే. (రుచి చూడమని చెంచాతో ఇస్తున్నారు, రెండేసి సార్లు తిన్నాం.)

సెలవులకి వెళ్ళొచ్చేటప్పుడు మా మామ్మ ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు కొమ్ములు పదిహేను కిలోలు గోతాంలో వేసుకుని బస్సు పైన కట్టించి తెచ్చాం. ఆ సంతలో ఒక మూల కూర్చుంటామని అడిగాం. నడిపే ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. "సర్టిఫికెట్ ఉందా బాబూ?" అంది. "మా ఊరికి ఎరువు బస్తా ఎప్పుడూ రాలేదండి" అన్నాం. "ఇక్కడికి వచ్చే అందరూ అదే చెప్తారు బాబూ" అంది. అంతే. గోతాం మళ్ళీ ఆటోలో రూముకి.

ఆ రోజు రాత్రి మాకు కోపం వచ్చిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజంగా వచ్చింది కోపం కాదు. ఆవిడ అడిగింది తప్పు కాదు కదా. మన ఊళ్ళన్నీ మందు ఎరగని ఊళ్ళని ఇప్పుడు చెప్పుకోలేం కూడా. రోడ్డు పక్క ఊళ్ళల్లో జీడిమామిడి తోటల్లో గడ్డి మందు కొట్టడం మనం చూస్తూనే ఉన్నాం. మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న వేరే. కొండ సరుకు నిజమైనదా కాదా, ఎంత తూగింది, ఎంత ధర అన్నది ఎప్పుడూ ఎదుటివాళ్ళే ఎందుకు చెప్తున్నారు? ఎప్పట్నుంచి ఇలా? అదే తెలుసుకుందామని కాలేజీ లైబ్రరీలో పాత గెజిటీర్లు, చరిత్ర పుస్తకాలు తిరగేశాం. సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగాం. దొరికింది ఇక్కడ పెడుతున్నాం.

మొదలు ఉప్పు దగ్గరే. అడవిలో అన్నీ ఉన్నాయి, ఉప్పు ఒక్కటే లేదు. సముద్రం ఒడ్డున కాసిన ఉప్పు ఎడ్ల మీద లోపలికి రావాలి. దేశమంతా బంజారాల ఎడ్ల మందలు ఈ పని చేసేవి. మన వైపు గోదావరి ఉంది కాబట్టి పడవల మీదా వచ్చేది. తిరుగు దారిలో వెదురు తెప్పలు కట్టి రాజమండ్రి దాకా వదిలేవారు. మా మామ్మ చిన్నప్పుడు వాళ్ళ అమ్మ చెప్పిన లెక్క ఒకటుంది: కుంచెడు ఉప్పుకి కుంచెడు చింతపండు. కొలత కుంచం ఒకటే కదా, న్యాయంగానే ఉందనిపిస్తుంది. కానీ చింతపండు చెట్టెక్కి దులిపి, ఎండబెట్టి, పెంకు తీసి, కావిడి వేసుకుని పది పన్నెండు మైళ్ళు నడిచి తెచ్చింది. పైగా ఆ కుంచం షావుకారుది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని నోటి లెక్క మనవాళ్ళకి బాగా తెలుసు. కొనేటప్పుడు సరుకుని తలకొట్టి కొలుస్తారా, శిఖ పోసి కొలుస్తారా అన్నది మాత్రం కొలిచేవాడి చేతిలో ఉండేది. చింతపండుని శిఖ పోసి కొలుస్తాడు, ఉప్పుని తలకొట్టి ఇస్తాడు. మామ్మ ఇది చెప్పి నవ్వింది. మాకు నవ్వు రాలేదు.

కింద డెల్టాలో మార్పు వచ్చింది 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలయ్యాక. 1852కి ఆనకట్ట పూర్తయింది, కాలవలు పారాయి, వరి పండింది, డబ్బు తిరిగింది. ఆర్థర్ కాటన్ గారి బొమ్మ ఇక్కడ ఊరూరా ఉంటుంది, డెల్టా వాళ్ళు దేవుడిలా మొక్కుతారు, వాళ్ళ బాధ తీరింది కాబట్టి మొక్కుతారు, అందులో తప్పేం లేదు. అయితే కింద డబ్బు చేరిన కొద్దీ దాన్ని అప్పుగా ఇవ్వడానికి కొత్త చోట్లు కావాలి కదా. వ్యాపారులు కొండెక్కారు. పంట చేతికొచ్చే ముందు, తిండి గింజలు అయిపోయిన ఆషాఢ, శ్రావణ మాసాల్లో, బస్తా ఇస్తారు. పంట వచ్చాక బస్తన్నర కొలవాలి. కొలవలేకపోతే మళ్ళీ ఏడాదికి అది అసలు అవుతుంది.

ఇక్కడ మనందరం ఆగి చదవాల్సింది 1879. రంప తిరుగుబాటు అనగానే స్కూల్లో ఒక పేరా చెప్పి వదిలేశారు. మన్సబుదారు వసూళ్ళు, కల్లు మీద చిగురుపన్ను, కల్లు గుత్తకిచ్చే కొత్త అబ్కారీ పద్ధతి, పోలీసుల పీడన, అడవి మీద ఆంక్షలు, ఇవి కారణాలని ఉంటాయి. ఇంకో కారణం కూడా అప్పటి ప్రభుత్వం వాళ్ళే రాసుకున్నారు: కింద నుంచి వచ్చిన వ్యాపారులు. కొండవాళ్ళతో కాగితం రాయించుకుని, కింద సివిల్ కోర్టులో దావా వేసేవారు. సమన్లు అందవు, అందినా చదివేవాళ్ళు లేరు, చదివినా కోర్టుకి దారి రోజుల తరబడి నడక. ప్రతివాది రాలేదని ఏకపక్షంగా డిక్రీ. ఆ డిక్రీ పట్టుకుని అమీనా కొండెక్కి పశువుల్ని, గింజల్ని జప్తు చేసేవాడు. బాకీ చిన్నది, జప్తు పెద్దది. మనవాళ్ళకి కోర్టు వేరు, పోలీసు వేరు, షావుకారు వేరు అని తెలిసే దారి లేదు. ముగ్గురూ ఒకే దారిన వచ్చారు, ఒకేలా పట్టుకుపోయారు. అందరి వెనకా సర్కారే ఉందనుకున్నారు. అందులో తప్పుందా?

1879 మార్చిలో చోడవరం వైపు మొదలైంది. ద్వారబందాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషను తగలబెట్టాడు. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి పేర్లు మీరూ విని ఉంటారు. అణచడానికి మద్రాసు నుంచి సైన్యం దిగింది, అయినా 1880 దాకా పట్టింది. మేం ఇంతకు ముందు దీన్ని పన్నుల తిరుగుబాటనే అనుకునేవాళ్ళం. ఇప్పుడు మా లెక్కలో ఇది సంత తిరుగుబాటు కూడా. అన్నల్లో చరిత్ర ఎం.ఏ. చేసినవాళ్ళు దీన్ని ఒప్పుకోకపోతే కింద రాయండి, వాదించుకుందాం.

వ్యాపారుల సంగతి సర్కారు తలకెక్కడానికి ఇంకో ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. 1917లో ఏజెన్సీ భూమి బదలాయింపు, వడ్డీ చట్టం చేశారు. మనవాళ్ళకి గుర్తున్నది భూమి భాగమే: ఏజెంటు అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకి చెల్లదని. అందులో వడ్డీ భాగం కూడా ఉంది. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు మించకూడదు, చక్రవడ్డీ కూడదు, మొత్తం వడ్డీ ఎప్పటికీ అసలు దాటకూడదు. కాగితం మీద మంచి చట్టం. కానీ అప్పు కాగితం మీద ఉంటే కదా దానికి పట్టేది? సంతలో అప్పు నోటి మీద ఉంటుంది, వడ్డీ కుంచంలో ఉంటుంది, ధరలో ఉంటుంది. "నీ బాకీ ఉంది కాబట్టి చింతపండు నాకే పోయి" అన్నప్పుడు అది ఏ సెక్షను కిందకి వస్తుంది? చట్టం వచ్చిన అయిదేళ్ళకి, 1922 ఆగస్టు 24న, అల్లూరి సీతారామరాజు గారి దళం రాజవొమ్మంగి స్టేషను మీద పడింది. ఆ కథ అందరికీ తెలుసు, ఇక్కడ మళ్ళీ చెప్పం.

1940ల మొదట్లో హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో పుస్తకం వేశాడు. వెదురు, కలప వ్యాపారుల కింద రెడ్లు కూలీలై, అప్పుల్లో ఇరుక్కుని, సొంత పోడుకి సమయం లేకుండా పోవడం గురించి రాశాడు. ఇంగ్లీషు కష్టంగానే ఉంది, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాం. మన తాతల గురించి ఎవరో రాసింది చదువుతుంటే ఒక రకంగా ఉంటుంది. వాళ్ళ ఇల్లు, వాళ్ళ తిండి, వాళ్ళ అప్పు అన్నీ రాసి ఉన్నాయి.

స్వతంత్రం వచ్చాక 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ, అంటే మన జీసీసీ వచ్చింది. అదే ఏడాది చివర్లో కిలోల లెక్కకి కేంద్రం చట్టం చేసింది. సోల, తవ్వ మీద మోసం పోయి కాటా వస్తుందని ఆశ. జీసీసీ ఆలోచన మంచిదే, ఇప్పటికీ మంచిదే అంటాం. అడవి సరుకు కొంటుంది, అదే డిపోలో బియ్యం, ఉప్పు ఇస్తుంది, ఒకప్పుడు కిరసనాయిలు కూడా ఇచ్చేది. షావుకారు చేసే రెండు పనులూ సర్కారే చేస్తే షావుకారు అక్కర్లేదు కదా అని. 1960లో షెడ్యూల్డ్ ప్రాంతాల వడ్డీ వ్యాపారుల రెగ్యులేషన్ వచ్చింది. 1979లో ఇంకో అడుగు వేసి, చిన్న అటవీ ఉత్పత్తుల వ్యాపారం జీసీసీ చేతికే పోయేలా రెగ్యులేషన్ చేశారు.

జరిగిందేంటంటే, కొనేవాడు ఒక్కడే అయితే ధర కూడా ఒక్కడే చెప్తాడు. డిపోలో డబ్బుల్లేని రోజు, తేమ ఉందని సరుకు తిప్పి పంపిన రోజు, అమ్మకి సాయంత్రానికి నూనె, ఉల్లిపాయలు కావాలి. పక్కనే చింతచెట్టు కింద చిన్న వ్యాపారి కాటా పట్టుకుని కూర్చుని ఉంటాడు. చట్టం ప్రకారం అతను కొనకూడదు. అతను కొనకపోతే ఆ పూట మా ఇంట్లో నూనె లేదు. ఈ ముడి మాకు ఇప్పటికీ విడలేదు. అతన్ని దొంగ అనలేం, దేవుడనీ అనలేం. మా అమ్మ అతన్ని "అన్నా" అని పిలుస్తుంది. అతను చిన్నప్పుడు మాకు జీళ్ళు ఇచ్చేవాడు. కాటా కింద అయస్కాంతం పెడతాడని ఊరంతా అంటారు, ఎవరూ తిరగేసి చూడలేదు.

ఇంక ఇప్పుడు మనం అసలు పట్టించుకోవాల్సిన చట్టం, 1996 పెసా. భూమి, గనుల గురించి మాట్లాడేటప్పుడు పెసా పెసా అంటాం. దాని నాలుగో సెక్షన్‌లో చిన్న అటవీ ఉత్పత్తుల యాజమాన్యం అని ఉంది, దానికి కొంచెం కిందనే గ్రామ సంతల్ని, వాటిని ఏ పేరుతో పిలిచినా సరే, నిర్వహించే అధికారం అని ఉంది. గ్రామసభకీ తగిన స్థాయి పంచాయతీకీ ఈ అధికారాలు ఉండేలా రాష్ట్రాలు చూడాలి. మేం ఈ మాట చదివి ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మన సంతల్లో గోనెపట్టా పరుచుకున్నందుకు ఆశీలు వసూలు చేస్తారు కదా. ఆ ఆశీలు వేలం ఎవరు పాడుతున్నారు? ఎంతకి పాడుతున్నారు? ఆ డబ్బు ఎటు పోతోంది? మా ఊరి సంతలో మామ్మ బుట్టెడు కూరకి ఆశీలు కట్టింది, రసీదు ఇచ్చినట్టు ఎప్పుడూ గుర్తులేదంది. సంతలో నీళ్ళ కుళాయి లేదు, వాన వస్తే నిలబడే రేకుల షెడ్డు లేదు, ఆడవాళ్ళకి మరుగు లేదు. 1996 నుంచి ఇప్పటిదాకా మా గ్రామసభలో సంత గురించి ఒక్క తీర్మానం జరిగినట్టు మేం అడిగిన పెద్దవాళ్ళెవరికీ తెలీదు.

కింద ఊళ్ళల్లో కూడా రైతు, కొనేవాడు ఎదురెదురుగా కలవాలనే ఆలోచన ఆలస్యంగానే వచ్చింది. రైతు బజార్లు మొదలైంది 1999 జనవరి 26న. దళారీ లేకుండా రైతే కాటా పట్టుకోవడం, ధర బోర్డు మీద రాయడం. రాజమండ్రి రైతు బజారుకి మేం కూరలకి వెళ్తుంటాం, మంచి పద్ధతి. కానీ అక్కడ కూర్చోవాలంటే అధికారులు పొలం వివరాలు చూసి కార్డు ఇవ్వాలి. పోడు చేసుకునే మామ్మకి అప్పట్లో ఏ కాగితం ఉంది? 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాకే ఆ ముక్క తిరిగింది. పట్టా, దాంతోపాటు అటవీ ఫలసాయం సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు. వెదురు కూడా అందులోనే ఉంది. ఇప్పటికీ పట్టా రానివాళ్ళు ఉన్నారు. దేవీపట్నం వైపు పోలవరం నీళ్ళు వచ్చి కాలనీలకి వెళ్ళిన మనవాళ్ళకయితే హక్కు కాగితం ఉన్నా అడవి దగ్గర్లో లేదు. ఒకప్పుడు సంతకి అమ్మడానికి వచ్చిన అత్తలు ఇప్పుడు కొనడానికే వస్తున్నారని మా చింతూరు వాడి బంధువులు చెప్పారు.

సర్టిఫికెట్ సంగతికి వద్దాం. "సేంద్రియం" అనే మాటకి మూలపురుషుల్లో ఒకడని చెప్పే ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషాయన 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి కంపోస్టు పద్ధతి రాశాడు, మన దేశపు రైతుల దగ్గర నేర్చుకున్నానని కూడా చెప్పాడు. అక్కడి నుంచి మాట సముద్రం దాటి వెళ్ళి, ముద్ర వేయించుకుని, తిరిగి మన దగ్గరికే వచ్చి "కాగితం ఉందా" అంటోంది. ఎగుమతికి పనికొచ్చే సర్టిఫికెట్ కావాలంటే ఒక సంస్థ మనిషి వచ్చి తనిఖీ చేయాలి, దానికి ఫీజు కట్టాలి. పదిహేను కిలోల పసుపుకి అది తూగదు.

అయితే ఇంకో దారి ఉంది, మాకు ఇన్నాళ్ళూ తెలీదు. పీజీఎస్ అంటారు. కనీసం అయిదుగురు రైతులు గుంపు కట్టి, ఒకరి పొలం ఒకరు చూసి, పుస్తకంలో రాసి, ఒకరికొకరు హామీ ఉండడం. ఎవరైనా మందు కొడితే ఆ గుంపే చెప్పాలి. బ్రెజిల్ దక్షిణాన ఎకోవిడా అనే చిన్న రైతుల సంఘం 1998 నుంచి ఇలాగే చేస్తోంది. ఇది చదివి మా చింతూరు వాడు "ఇదేం కొత్త, మన కులపెద్దల పంచాయతీ కూడా ఇంతే కదరా" అన్నాడు. పూర్తిగా అంతే కాదు, పుస్తకం రాయాలి, ఆ రాయడమే మన ఊళ్ళో కష్టం. కానీ రాసేవాళ్ళం ఇప్పుడు ఉన్నాం కదా. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం నడుపుతోంది, మన మండలాల్లో కూడా వాళ్ళ సిబ్బంది తిరుగుతున్నారు. జీవామృతం కలపడం నేర్పుతున్నారు. మా మామ్మ వాళ్ళని చూసి "పేడ నీళ్ళు చల్లడం నాకు నేర్పుతారంట" అంది గానీ, వాళ్ళ పుస్తకంలో పేరు మాత్రం రాయించుకుంది.

ఆ సేంద్రియ సంత ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి అడిగాం. పీజీఎస్ అయితే ఒప్పుకుంటానంది. అయిదుగురు కావాలి. మా ఊర్లో లెక్క వేశాం: మామ్మ, చిన్నాన్న, పై ఇంటి ఇద్దరు అన్నదమ్ములు, నలుగురు. అయిదో ఆయన నిరుడు జీడితోటకి గడ్డి మందు కొట్టాడు. పసుపు మడి వేరే గట్టు మీద ఉంది, దానికి కొట్టలేదు అంటాడు. చేర్చుకోవాలా వద్దా అని ఇంట్లో రెండు రోజులు గొడవ. చిన్నాన్న చేర్చుకుందాం అంటాడు, మామ్మ వద్దంటుంది. ఆయన మామ్మకి సొంత తమ్ముడు.

వచ్చే నెల గ్రామసభ ఉంది. మేం ముగ్గురం సెలవు పెట్టి వెళ్తున్నాం, ఆశీలు వేలం లెక్క చూపించమని అడుగుతాం, తీర్మానం మేమే రాసుకుని తీసుకెళ్తున్నాం. ఇప్పటికే మీ ఊర్లో సంత మీద గ్రామసభ తీర్మానం చేసి ఉంటే దాని ఫోటో పెట్టండి, భాష ఎలా ఉండాలో మాకు తెలీదు. అడ్డతీగల, రాజవొమ్మంగి, బుట్టాయిగూడెం, జీలుగుమిల్లి వైపు వాళ్ళు ముఖ్యంగా. పాత ఆశీలు రసీదు ఒక్కటి దొరికినా చాలు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కుంచం, సోల లెక్కలు గుర్తుంటే వాయిస్ రికార్డు చేసి పంపండి, మేం రాసి పెడతాం.

పదిహేను కిలోల్లో తొమ్మిది కిలోలు హాస్టల్ వంట మామయ్యకీ, లెక్చరర్ గార్లకీ నూట యాభై చొప్పున అమ్మేశాం. ఇంకా ఆరు కిలోలు మంచం కింద ఉంది. రూమంతా పసుపు వాసనే.